పెదవి ఫిల్లర్ తర్వాత వాపు: ఐసా, మాత్రా, ఓపికా?

రెండో రోజు పొద్దున అద్దం చూసుకోవద్దని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. చూసుకున్నాను. పై పెదవి ముక్కును అందుకోబోతున్నట్టు లేచి ఉంది. ఎడమ మూల మరీ ఎక్కువ. పళ్లు తోముకుని పుక్కిలించబోతే పెదాలు సరిగ్గా మూతపడక నీళ్లు గడ్డం మీదుగా కారి చొక్కా తడిసింది. ముందురోజు ఫిల్లర్ వేయించుకుని, అంటే పెదాలు నిండుగా కనిపించడానికి సూదితో జెల్ ఎక్కించుకుని, క్లినిక్ నుంచి బయటికొచ్చినప్పుడు బాగానే ఉన్న పెదాలు రాత్రికి రాత్రే ఇలా అయ్యాయేమిటని టెన్షన్ పడిపోయాను. ఫ్రీజర్‌లోంచి ఐస్ ముక్క తీసి నేరుగా పెదవి మీద పెట్టాను. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ మాత్ర వేసుకున్నాను. గట్టిగా తగులుతున్న చోటల్లా వేలితో నొక్కి చూశాను. మూడూ చేయకూడనివే.

ఏడాది తర్వాత మళ్లీ చేయించుకున్నప్పుడు దాదాపు ఏమీ చేయలేదు. వాపు తగ్గడానికి రెండుసార్లూ ఇంచుమించు అన్ని రోజులే పట్టింది. కాకపోతే రెండోసారి పెదవి కమల్లేదు, నా నిద్రా చెడలేదు.

అందుకే నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను. మామూలు వాపు విషయంలో రెండు దారులుంటే తక్కువ చేసే దారినే పట్టండి. మిగిలిన శ్రద్ధంతా పెదవి సైజు మీద కాదు, రంగు మీద పెట్టండి. ఇవి సొంత అనుభవం, చదివింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది కలిపి చెబుతున్న మాటలు. మీకు చేసిన డాక్టర్ ఇంకోలా చెబితే ఆ మాటే వినండి. మీ పెదవిలో ఏది, ఎక్కడ, ఎంత లోతున వేశారో తెలిసింది వాళ్లకే.

ఈ వాపు ఎక్కడిది?

ఇప్పుడు పెదాలకు వాడే ఫిల్లర్లు ఎక్కువగా హైలురోనిక్ యాసిడ్ జెల్‌లే. జువెడెర్మ్, రెస్టిలేన్ పేర్లతో దొరికేవి ఈ కోవవే. ఈ పదార్థం మన చర్మంలో, కీళ్లలో, కంట్లో ఎలాగూ ఉంటుంది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని మొదట వేరు చేసింది ఆవు కంటి లోపలి జిగురు ద్రవం నుంచే. నీటిని పట్టి ఉంచుకోవడం దాని గుణం. అంచేత ఫిల్లర్ తర్వాత మనం చూసే వాపు నిజానికి రెండు వాపుల కలయిక. సూది గుచ్చినందుకు ఒళ్లు చేసే గొడవ ఒకటి, జెల్ చుట్టుపక్కల నీటిని లాక్కోవడం ఇంకొకటి. మొదటిది కొద్ది రోజుల్లో చల్లారుతుంది. రెండోది కుదురుకోవడానికి రెండు వారాలు, కొందరికి నాలుగు వారాలు పడుతుంది.

సాధారణంగా వాపు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ఎక్కువగా ఉండి, వారం తిరిగేసరికి చాలావరకు దిగుతుంది. కమిలిన మచ్చలుంటే అవి పోవడానికి వారం, పది రోజులు. రాత్రంతా పడుకుని ఉంటాం కాబట్టి పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా కనిపిస్తుంది. ఒక వైపు ముందు, ఇంకో వైపు వెనక తగ్గడం కూడా మామూలే. గుచ్చిన పోట్లు రెండు వైపులా ఒకేలా పడవు కదా.

ఇంకో చిన్న లెక్క. సిరంజిలో మామూలుగా ఉండేది 1 మిల్లీలీటరు. టీస్పూను 5 మిల్లీలీటర్లు కాబట్టి అందులో ఐదో వంతు. రెండో రోజు అద్దంలో కనిపించేదంతా ఫిల్లరే అనుకుంటే ఈ లెక్క ఎలా చూసినా కుదరదు. అందులో ఎక్కువ భాగం వెళ్లిపోయే నీరే. నన్ను ఏ మాత్రా ఇంతగా కుదుటపరచలేదు.

ఐస్ ముక్క, జెల్ ప్యాక్, తడిగుడ్డ

మొదటి ఒకటి రెండు రోజులు చల్లదనం పనికొస్తుంది. రక్తనాళాలు కొంచెం ముడుచుకుంటాయి, సలుపు తగ్గుతుంది. దేనితో చల్లబరచాలన్నదే ప్రశ్న.

ఐస్ ముక్క నేరుగా పెట్టడాన్ని మొదటే కొట్టేయండి. క్లినిక్‌లో రాసిన మత్తు క్రీము, జెల్‌లో కలిపిన లిడోకైన్ అనే మత్తుమందు వల్ల పెదవికి కాసేపు స్పర్శ సరిగ్గా తెలియదు. ఎంత చల్లగా ఉందో తెలియనప్పుడు చర్మం మంచుకు కాలిపోయినా తెలియదు. వాచిన పెదవికి అదొకటి తోడైతే గోరుచుట్టు మీద రోకటి పోటే.

ఫ్రీజర్‌లో పెట్టే జెల్ ప్యాక్ మెరుగు. కానీ ముఖానికి వాడేవి కొన్ని పెద్దగా, బరువుగా ఉంటాయి. పడుకుని పెదవి మీద పెట్టుకుంటే ఆ బరువే నొక్కుతుంది. చిన్నది తీసుకుని, ఫ్రీజర్‌లో కాకుండా ఫ్రిజ్‌లో చల్లబరిచి, శుభ్రమైన పల్చటి గుడ్డలో చుట్టి, ఆనీ ఆననట్టు పట్టుకోవాలి.

నా ఓటు మాత్రం తడిగుడ్డకే. ఉతికిన మెత్తటి చేతిరుమాలును శుభ్రమైన చల్లటి నీళ్లలో ముంచి, పిండి, నాలుగు మడతలు వేసి పెదవికి ఆనించండి. కాసేపటికి దానంతటదే వెచ్చబడుతుంది కాబట్టి మనం మరిచిపోయినా అతి అవదు. జెల్ ప్యాక్‌కు ఆ సుగుణం లేదు. ఏదైనా ఒక్కోసారికి పది నిమిషాలు చాలు, తర్వాత గంటకు తక్కువ కాకుండా విరామం ఇవ్వాలి. మూడో రోజు నుంచి చల్లదనం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. హాయిగా ఉందనిపిస్తే పెట్టుకోవచ్చు, అంతే.

వేడి కాపడం మొదటి రెండు రోజులు వద్దే వద్దు. ఆవిరి పట్టడం, సానా, మరీ వేడి నీళ్ల స్నానం కూడా దాని కిందికే వస్తాయి. రక్త ప్రసరణ పెరిగితే వాపూ పెరుగుతుంది. అయితే ఈ ఐస్ సలహా తలకిందులయ్యే పరిస్థితి ఒకటుంది. అది రంగుకు సంబంధించింది, కాసేపట్లో చెబుతాను.

ఏ మాత్ర?

నొప్పికి పారాసెటమాలా, ఐబుప్రొఫెనా అంటే మొదటి రెండు రోజులు పారాసెటమాలే. ఐబుప్రొఫెన్ వాపు తగ్గించే మందే కదా, అదే మంచిదని నేనూ అనుకున్నాను. అది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల పనిని కూడా కాసేపు మందగింపజేస్తుంది. సూది పోట్లు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు లోపల రక్తం ఊరి, కమిలే అవకాశం పెరుగుతుంది. నా పెదవి కింద వారం రోజులున్న నీలం మచ్చకు కారణం అదేనని గట్టిగా చెప్పలేను గానీ, నా అనుమానం దాని మీదే.

ఆస్పిరిన్ ఈ విషయంలో ఇంకా ఘటికురాలు. అది పట్టుకున్న ప్లేట్‌లెట్ మళ్లీ మామూలు కాదు, దాని ఆయుష్షు తీరేదాకా అంతే. కొత్తవి పూర్తిగా తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే నొప్పికి, తలనొప్పికి ఊరికే ఆస్పిరిన్ వేసుకునే అలవాటుంటే ముందు వారం మానేయమంటారు. గుండె కోసమో, పక్షవాతం రాకుండానో డాక్టర్ రాసిచ్చిన ఆస్పిరిన్, రక్తం పల్చబరిచే మందులు మాత్రం పెదవి అందం కోసం సొంతంగా ఆపకండి. కమిలితే నాలుగు రోజులు మచ్చ ఉంటుంది, రక్తం గడ్డకడితే సంగతి వేరు. చేప నూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్, గింకో లాంటివి వాడుతుంటే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి. వీటిని మందుల కింద లెక్కవేయక చాలామంది చెప్పరు.

అలెర్జీ మాత్ర, అంటే సెట్రిజిన్ లాంటిది వాడాలా? దురద, దద్దుర్లు ఉంటే దానికి అర్థముంది. అవి లేని ఉత్త వాపు సూది గాయం వల్ల, నీటి వల్ల వచ్చింది. దాని మీద ఈ మాత్ర పెద్దగా పనిచేయదు. వేసుకుంటే మగత రావచ్చు. స్టెరాయిడ్ మాత్రలు డాక్టర్ చూసి ఇస్తేనే. లోపల ఇన్ఫెక్షన్ మొదలై ఉంటే స్టెరాయిడ్ దాన్ని కప్పిపెట్టి ముదరబెడుతుంది.

ఆర్నికా, బ్రోమెలైన్ గురించి అందరూ అడుగుతారు. ఆర్నికా ఒక మొక్క సారం, అనాస నుంచి తీసే ఎంజైమే బ్రోమెలైన్. రెండింటి మీదా వచ్చిన ఫలితాలు కలగాపులగంగానే ఉన్నాయి. కొందరు వాటితో కమిలింది తొందరగా తగ్గిందంటారు, ఏ తేడా లేదనేవాళ్లూ అంతమందీ ఉన్నారు. డబ్బు మిగుల్చుకోవాలంటే మొదట కోత వేయాల్సింది ఇక్కడే. ఆర్నికా జెల్ వాడాలనే ఉంటే సూది రంధ్రాలు మూసుకున్నాకే, అదీ నోట్లోకి పోకుండా రాయాలి. రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లు బ్రోమెలైన్ జోలికి పోకపోవడం మేలు.

నొక్కాలా, వదిలేయాలా?

నాలుక ఊరుకోదు. పెదవి లోపలి వైపు తడుముతూ, ఇక్కడొక గడ్డ, అక్కడొక గడ్డ అని లెక్కపెడుతూ ఉంటుంది. మొదటి వారంలో చేతికి తగిలే చిన్న చిన్న గట్టి ముద్దల్లో చాలావరకు వాపే, లేదా లోపల కొద్దిగా గడ్డకట్టిన రక్తం. రెండు వారాల్లో వాటంతటవే మెత్తబడతాయి. ఈలోగా మనం మసాజ్ చేస్తే జెల్ వేసిన చోటు నుంచి పక్కకు జరగొచ్చు, కమిలిన చోటు ఇంకా కమలొచ్చు, చేతి మీది క్రిములు సూది రంధ్రాల్లోకి పోవచ్చు.

డాక్టర్ మసాజ్ చేయమని చెబితే చేయండి. కానీ ఎక్కడ, ఎంత ఒత్తిడితో, రోజుకు ఎన్నిసార్లు అన్నది వాళ్ల చేతితోనే ఒకసారి చేయించుకుని నేర్చుకోండి. "కొంచెం నొక్కుతూ ఉండండి" అన్న మాట ఒక్కటే పట్టుకుని ఇంటికి రాకండి. ఆ కొంచెం ఎంతో ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. రెండు వారాలు దాటినా ముద్ద అలాగే ఉంటే అప్పుడు చూపించుకోండి.

మిగతా చిన్న చిన్న ఎంపికలు

రెండు మూడు రాత్రులు వెల్లకిలా, తల కింద ఇంకో దిండు పెట్టుకుని పడుకోండి. బోర్లా పడుకునే అలవాటున్నవాళ్లకు ఇది చెప్పినంత సులువు కాదు. రెండు పక్కలా దిండ్లు అడ్డం పెట్టుకుంటే కొంత నయం.

పెదవి ఆరిపోతే వాసనలేని పెట్రోలియం జెల్లీ శుభ్రమైన ఇయర్‌బడ్‌తో పల్చగా రాయండి. పెదాలు నిండుగా కనిపిస్తాయని అమ్మే లిప్‌బామ్‌లు ఇప్పుడు అస్సలు వద్దు. వాటిలో ఉండే మెంథాల్, దాల్చిన, మిరప సారాలు చేసేదే పెదవిని మంటపెట్టి ఉబ్బించడం. ఉబ్బు తగ్గించుకునే పనిలో ఉండి ఉబ్బించేది రాసుకోవడమేమిటి! లిప్‌స్టిక్ కనీసం ఒక రోజు ఆగాలి, ఆగాక కూడా పాతది తీయకండి.

మద్యం ఒక రోజు, జిమ్ము, పరుగు ఒకటి రెండు రోజులు మానాలి. స్ట్రా, ముద్దులు, మరీ వేడివేడి తాగడం కూడా రెండు రోజులు పక్కన పెట్టండి. ఉప్పు తగ్గిస్తే ఒళ్లు నీరు పట్టడం తగ్గుతుంది. పళ్ల డాక్టర్ దగ్గర పని ఉంటే ఫిల్లర్‌కు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు ఎడం ఉంచమంటారు. పళ్ల పని చేసేటప్పుడు పెదవి సాగుతుంది, నోటి బ్యాక్టీరియా రక్తంలోకి చేరే వీలూ ఉంటుంది.

పెదవి అంచున గుత్తిగా నీటి పొక్కులు, అదే హెర్పిస్, ఎప్పుడైనా వచ్చి ఉంటే ముందే చెప్పాలి. నిద్రపోతున్న ఆ వైరస్‌ను సూది పోటు లేపుతుంది. అవసరమనుకుంటే డాక్టర్ ముందుగానే వైరస్ మందు మొదలుపెడతారు.

సైజు కాదు, రంగు

ఇక అసలు విషయం. పెదవిలో పైనొకటి, కిందొకటి ధమనులు అడ్డంగా పోతాయి. జెల్ పొరపాటున వాటిలోకి వెళ్లినా, బయటి నుంచి వాటిని నొక్కేసినా ఆ మేర చర్మానికి రక్తం అందదు. అరుదే. కానీ వస్తే గంటల్లో తేల్చుకోవాల్సిన వ్యవహారం, వదిలేస్తే చర్మం చచ్చిపోతుంది. దీన్ని వాపు సైజుతో కనిపెట్టలేం. భయంకరంగా వాచిన పెదవి క్షేమంగా ఉండొచ్చు, కొద్దిగా వాచిన పెదవికి రక్తం ఆగిపోయి ఉండొచ్చు.

చూడాల్సింది ఇలా. మంచి వెలుతురులో, మేకప్ లేకుండా, ముందు మీ చేతి గోరు నొక్కి వదలండి. తెల్లబడి, రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగొస్తుంది. అది మీ కొలబద్ద. ఇప్పుడు శుభ్రమైన వేలితో పెదవిని మెల్లగా తాకి, అరసెకను నొక్కి వదలండి. ఇది మసాజ్ కాదు, కాలింగ్ బెల్ నొక్కినంతే. పై పెదవి, కింద పెదవి, రెండు మూలలు, పై పెదవికీ ముక్కుకూ మధ్య చోటు, గడ్డం చూడండి. రంగు చకచకా తిరిగొస్తే మంచిదే. పాలిపోయి అలాగే ఉన్నా, మూడు సెకన్లు దాటినా, చర్మం మీద వలలా ఊదా చారలు కనిపించినా, ఆ చోటు మాత్రమే చల్లగా తగిలినా, నొప్పి తగ్గే బదులు పెరుగుతూ పోతున్నా వెంటనే మీకు ఫిల్లర్ వేసినవాళ్లకు ఫోన్ చేయండి. వాళ్లు దొరక్కపోతే ఆసుపత్రికి వెళ్లండి. మత్తు ప్రభావం ఉన్న గంటల్లో నొప్పి లేదని ధీమా పడకూడదు.

ఇందాక ఆపిన మాట ఇదే. ఈ లక్షణాల్లో ఒక్కటి ఉన్నా ఐస్ తీసేయండి. అసలే రక్తం అందని చోట నాళాలను ఇంకా ముడవడం అవుతుంది. డాక్టర్ దారిలో గోరువెచ్చటి గుడ్డ పెట్టమనవచ్చు. అసలు చికిత్స హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్, అది జెల్‌ను కరిగిస్తుంది.

మామూలు కమిలిన మచ్చకూ దీనికీ తేడా ఎలా తెలుస్తుందంటే, కమిలిన చోటు ముదురు నీలంగా మొదలై, రోజులు గడిచేకొద్దీ ఆకుపచ్చ, పసుపు అవుతూ పోతుంది. దాని చుట్టూ నొక్కితే రంగు మామూలుగానే తిరిగొస్తుంది. తేల్చుకోలేకపోతే అడగడమే. ఫోటో తీసి పంపితే చాలావరకు వాళ్లకే అర్థమవుతుంది.

ఇంకొన్ని సందర్భాల్లోనూ ఆగకూడదు. నాలుక, గొంతు వాస్తున్నా, ఊపిరి అందకపోయినా, చూపు మసకబారినా అత్యవసరమే. క్లినిక్‌కు ఫోన్ కూడా తర్వాత సంగతి, ముందు ఆసుపత్రి. తగ్గుముఖం పట్టిన వాపు మూడు నాలుగు రోజులకు మళ్లీ పెరిగి, ఎర్రబడి, వేడిగా ఉండి, చీము గానీ జ్వరం గానీ కనిపిస్తే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే చూపించుకోండి. నెలల తర్వాత జ్వరం వచ్చినప్పుడో, టీకా వేయించుకున్నాకో ఫిల్లర్ ఉన్నచోటు హఠాత్తుగా ఉబ్బడం కూడా ఉంటుంది. 2020 చివర్లో మోడెర్నా కోవిడ్ టీకా పరీక్షల్లో ఫిల్లర్లున్న కొద్దిమందికి ఇలా జరిగినట్టు నమోదైంది. చాలావరకు మందులతో సర్దుకునేదే గానీ డాక్టర్ చూడాలి.

ఆగడమా, కరిగించడమా?

నాలుగో రోజున అసహ్యంగా ఉందని కరిగించేయమని అడిగేవాళ్లున్నారు. నేనూ దాదాపు ఫోన్ చేశాను. రక్తనాళం ఇబ్బంది ఉంటే తప్ప రెండు వారాలు ఆగండి. ఆ ఇంజెక్షన్ వల్ల కూడా కొద్దిగా వాస్తుంది, కొందరికి అలెర్జీ వస్తుంది. తేనెటీగ కుడితే ఒంటికి పడనివాళ్లు ఆ మాట తప్పక చెప్పాలి, తేనెటీగ విషంలోనూ ఇదే జాతి ఎంజైమ్ ఉంటుంది. రెండు వారాల తర్వాత కూడా ఆకారం నచ్చకపోతే, జెల్ పెదవి గీత దాటి పైకి పాకి ఉంటే, అప్పుడు కరిగించడం సబబే. అయితే ఇది హైలురోనిక్ యాసిడ్ జెల్‌నే కరిగిస్తుంది. సిలికాన్ లాంటివి ఎక్కించి ఉంటే దీనికి లొంగవు.

ఇంకా చేయించుకోని వాళ్లకు వాపు తగ్గించుకునే అసలు అవకాశం అంతకుముందే ఉంది. తొలిసారైతే 1 మిల్లీలీటరు ఒకేసారి కాకుండా సగం వేయించుకుని నెల తర్వాత మిగతాది చూసుకోండి. సూదికి బదులు మొన మొండిగా ఉండే కాన్యులాతో చేస్తే కమలడం తగ్గొచ్చు. పెదవి అంచు గీత దిద్దడానికి సూదే బాగుంటుందనే డాక్టర్లూ ఉన్నారు, ఆ నిర్ణయం వాళ్ల చేతి అలవాటుకే వదిలేయండి. సూది లేకుండా ఒత్తిడితో జెల్ ఎక్కించే పెన్నుల వైపు మాత్రం చూడొద్దు. వాటిని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో హెచ్చరించింది. ఫంక్షన్ ఏదైనా ఉంటే రెండు వారాలు మరీ బొటాబొటి, నాలుగు వారాలు పెట్టుకోండి.

క్లినిక్ ఎంచుకునేటప్పుడు నేను రెండోసారి అడిగినవి రెండే ప్రశ్నలు. హైలురోనిడేజ్ ఇప్పుడు మీ ఫ్రిజ్‌లో ఉందా? రాత్రి పదకొండింటికి రంగు మారినట్టనిపిస్తే ఏ నంబరుకు చేయాలి? మొదట వెళ్లిన చోట రెండో ప్రశ్నకు రిసెప్షన్ నంబరు ఇచ్చారు. అది ఏడింటికి మూసేస్తారు. ఇంకో చోట డాక్టర్ తన నంబరే కాగితం మీద రాసి, ఫోటో ఎలా తీసి పంపాలో కూడా చూపించారు. అక్కడే చేయించుకున్నాను.